పాత పిస్టల్ ఎందుకు మారుస్తారు, కొత్తది ఎలా ఎంచుతారు: ఐదు సైనిక పిస్టళ్ల పోలిక

2013 జనవరిలో బ్రిటన్ సైన్యం తన పాత బ్రౌనింగ్ హై పవర్ పిస్టళ్లని పక్కన పెట్టి గ్లాక్ 17 తీసుకుంటున్నట్టు ప్రకటించింది. పాతిక వేలకు పైగా పిస్టళ్లు, 90 లక్షల పౌండ్ల కాంట్రాక్టు. హై పవర్ చెడ్డ తుపాకీ అని కాదు. చేతిలో చక్కగా ఇముడుతుంది, గురి బాగుంటుంది, 13 రౌండ్లు (తూటాలు) పడతాయి, రెండో ప్రపంచ యుద్ధంలో రెండు పక్షాలవాళ్లూ దాన్ని వాడారు. అయినా తీసేశారు.

ఎందుకంటే, ఆఫ్ఘనిస్తాన్‌లో బ్రిటిష్ సైనికుడు దాన్ని ఛాంబర్ (కాల్చే ముందు తూటా కూర్చునే గది) ఖాళీగా ఉంచి మోసేవాడు. అవసరం పడితే హోల్‌స్టర్‌లోంచి తీయాలి, రెండో చేత్తో స్లైడ్ (ముందుకీ వెనక్కీ కదిలే పై భాగం) లాగి వదలాలి, అప్పుడు కాల్చాలి. శిబిరంలో పక్కనే నిలబడ్డ మనిషే తిరగబడి కాల్చిన ఘటనలు జరుగుతున్న రోజులవి. గ్లాక్‌ని ఛాంబర్‌లో రౌండ్ పెట్టుకునే మోయొచ్చు, తీసి ట్రిగ్గర్ నొక్కితే చాలు. రెండో చెయ్యి గాయమైన తోటివాడి మీదో రేడియో మీదో ఉన్నప్పుడు ఆ ఒక్క సెకను తేడాతో ప్రాణం ఉంటుంది లేదా పోతుంది.

"గ్లాక్ గొప్పదా, బెరెట్టా గొప్పదా, 1911ని మించినది ఉందా" అని గేమ్స్ ఆడే కుర్రాళ్ల దగ్గర్నుంచి ఎస్ఎస్‌బీకి (సైనిక ఆఫీసర్ల ఎంపికకి) ప్రిపేర్ అయ్యేవాళ్ల దాకా వాదించుకుంటుంటారు, ఆ వాదన దాదాపు ప్రతిసారీ తూటా సైజు దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. నేను చెప్పేది వేరు. సైనిక పిస్టల్ ఇరవై ముప్ఫై ఏళ్లు నడుముకి వేలాడుతుంది, శత్రువు మీద పేలేది చాలా అరుదు. కాబట్టి దాన్ని కాల్చేటప్పుడు ఎలా ఉంటుంది అన్నదానికన్నా మోసేటప్పుడు, తుడిచేటప్పుడు, రిపేరుకి పంపేటప్పుడు ఎలా ఉంటుంది అన్నదే సైన్యాల నిర్ణయాలని నడిపిస్తుంది. అందుకే ముందు కొలతలు చూసుకుని, తర్వాత పిస్టళ్ల దగ్గరకి వెళ్దాం.

ఒక మాట ముందే చెప్పేస్తాను: సొంత లైసెన్స్ కోసం పిస్టల్ వెతుక్కునేవాళ్లకి ఇది ఉపయోగపడదు. మన దేశంలో 9 ఎంఎం (తూటా వ్యాసం 9 మిల్లీమీటర్లు) నిషిద్ధ బోర్, మామూలు పౌరుడి లైసెన్స్ మీద రాదు.

దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది, మోసే స్థితి. ఛాంబర్‌లో రౌండ్ పెట్టుకుని భయం లేకుండా రోజంతా తిరగగలమా? తీశాక మొదటి రౌండ్ పేలేలోపు ఎన్ని పనులు చెయ్యాలి? నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే.

రెండోది వయసు. పిస్టల్ ఇనుమే, ఇనుము అరుగుతుంది. స్ప్రింగులు మార్చొచ్చు, బ్యారెల్ మార్చొచ్చు, ఫ్రేమ్ (అన్నీ బిగించే అసలు చట్రం) పగిలితే మాత్రం ఇక అంతే. అసలు కంపెనీ ఆ మోడల్ తయారీ ఆపేస్తే విడిభాగాల కోసం పాత పిస్టళ్లనే విప్పి వాడుకోవాల్సి వస్తుంది. చాలా సైన్యాలు పిస్టల్ మార్చేది కొత్తది ముద్దొచ్చి కాదు, పాతదానికి స్పేర్లు దొరక్క.

మూడోది తూటా. 9 ఎంఎం మంచిదా, పాయింట్ 45 (0.45 అంగుళాల తూటా) మంచిదా అన్నదాని మీద పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి, నేను దాంట్లోకి దిగను. సైన్యానికి అసలు ప్రశ్న ఏమిటంటే, పక్క దేశం మిత్రుడి పెట్టెలోని తూటా నా పిస్టల్లో పడుతుందా, నా కార్బైన్‌లో (పొట్టి తుపాకీలో) పడే తూటానే ఇందులోనూ పడుతుందా అన్నది. నాటో దేశాలు 9 ఎంఎం వైపు వెళ్లింది ఈ లెక్కతోనే.

నాలుగోది చెయ్యి. చిన్న చేతులవాళ్లు, ఎడమచేతివాటం వాళ్లు, మహిళా సైనికులు, చలిలో గ్లోవ్స్ వేసుకున్నవాళ్లు, వీళ్లందరి వేలూ ట్రిగ్గర్‌కి అందాలి. ఐదోది మొత్తం ఖర్చు: పిస్టల్ ధర ఒక్కటే కాదు, మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బాలు), హోల్‌స్టర్లు, స్పేర్లు, ట్రైనింగ్ అన్నీ కలిపి. లైట్ బిగించే పట్టాలు, రెడ్ డాట్ సైటు (ఎర్ర చుక్కతో గురి చూపేది) లాంటివి ఈ మధ్య చేరిన కోరికలు.

| పిస్టల్ | మొదలు | తూటా, మ్యాగజైన్ | ఖాళీ బరువు (సుమారు) | మొదటి రౌండ్‌కి ముందు |
|---|---|---|---|---|
| ఎం1911ఏ1 | 1911, మార్పులతో 1926 | పాయింట్ 45, 7 రౌండ్లు | 1.1 కిలోలు | హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) ఎక్కించి మోస్తే, సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) దించాలి |
| బ్రౌనింగ్ హై పవర్ | 1935 | 9 ఎంఎం, 13 రౌండ్లు | 900 గ్రాముల పైన | పైదానిలాగే |
| బెరెట్టా ఎం9 | అమెరికాలో 1985 | 9 ఎంఎం, 15 రౌండ్లు | 950 గ్రాములు | సేఫ్టీ తీసి, మొదటి లాగు పొడుగ్గా, గట్టిగా |
| గ్లాక్ 17 | ఆస్ట్రియాలో 1982 | 9 ఎంఎం, 17 రౌండ్లు | 625 గ్రాములు | నేరుగా ట్రిగ్గర్ |
| సిగ్ ఎం17 | 2017 | 9 ఎంఎం, 17 లేదా 21 రౌండ్లు | 830 గ్రాములు | సేఫ్టీ వేసి ఉంటే దించి, ట్రిగ్గర్ |

ఎం1911: గౌరవంతోనే పక్కన పెట్టాల్సినది

ఫిలిప్పీన్స్‌లో మోరో (అక్కడి ముస్లిం) యోధులతో పోరాడినప్పుడు అమెరికా సైనికుల దగ్గరున్న పాయింట్ 38 రివాల్వర్లు ఎదుటివాణ్ణి ఆపలేకపోయాయి. ఆ చేదు అనుభవం తర్వాత 1904లో చికాగోలో పరీక్షలు చేసి, పాయింట్ 45 కన్నా తక్కువ క్యాలిబర్ వద్దని తేల్చారు. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన పిస్టల్ 1911 మార్చిలో జరిగిన పరీక్షలో 6,000 రౌండ్లు కాల్చినా ఒక్కసారి కూడా మొరాయించలేదు. వేడెక్కితే నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు. ఇన్నేళ్ల తర్వాత చదువుతున్నా ఆ మాట నాకు ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటుంది.

మరి ఎందుకు మార్చారు? రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వం కొత్త 1911లకి ఆర్డరే ఇవ్వలేదు. అంటే 1985లో సైనికుడి చేతిలో ఉన్న అన్నిటికన్నా కొత్త పిస్టల్‌కి కూడా నలభై ఏళ్లు. మూడు నాలుగు తరాల సైనికులు విప్పి బిగించి, విప్పి బిగించి, స్లైడుకీ ఫ్రేముకీ మధ్య సందు పెరిగి గలగలలాడేవి. దానికి తోడు 1978 ప్రాంతంలో అమెరికా పార్లమెంటు కమిటీ లెక్క తీస్తే సైన్యం మొత్తం మీద పాతిక రకాల చేతి తుపాకులు, వంద రకాల తూటాలు ఉన్నాయని బయటపడింది. వాటన్నిటికీ స్పేర్లు, మాన్యువల్స్, గోదాములు ఎవరు చూస్తారు? 1911 ఓడిపోయింది శత్రువు చేతిలో కాదు, స్టోర్ రూములో.

ఇవాళ్టి సైన్యానికి దీన్ని సిఫారసు చెయ్యను. బరువు ఎక్కువ, రౌండ్లు ఏడే. దీని సొగసు రోజూ ప్రాక్టీస్ చేసే మనిషికే అందుతుంది. ఏడాదికి ఒకసారి కాల్చే క్లర్కు చేతిలో హ్యామర్ ఎక్కించి ఉన్న పిస్టల్ పెట్టడానికి ఏ కమాండింగ్ ఆఫీసరూ ఒప్పుకోడు, ఆయన టెన్షన్ ఆయనది.

హై పవర్: మనకి బాగా దగ్గరిది

బ్రౌనింగ్ మొదలుపెట్టిన డిజైన్‌ని ఆయన పోయాక బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీలో డ్యూడొన్నే సేవ్ పూర్తిచేశాడు. 1935లో 13 రౌండ్ల మ్యాగజైన్ అంటే ఆ రోజుల్లో పెద్ద విషయం. జర్మన్లు బెల్జియాన్ని ఆక్రమించి ఆ ఫ్యాక్టరీలోనే తమకోసం చేయించుకున్నారు, అదే సమయంలో కెనడాలోని టొరంటోలో ఇంగ్లిస్ కంపెనీ మిత్రపక్షాల కోసం లక్షన్నర దాకా తయారుచేసింది.

మన సైన్యంలో ఆఫీసర్ల నడుముకి దశాబ్దాలుగా కనిపించే "పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ" ఈ ఇంగ్లిస్ నమూనాకి కాపీయే, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసింది. మన స్టెర్లింగ్ కార్బైన్‌లో పడేదీ అదే 9 ఎంఎం తూటా. పైన చెప్పిన మూడో కొలత ప్రకారం అది మంచి జోడీ: ఒకే రకం తూటా, రెండు ఆయుధాలు. మన ఊళ్లలో, మిలటరీ మాధవరం లాంటి చోట్ల, రిటైరైన జవాన్లని పిస్టల్ గురించి అడిగి చూడండి. చాలామంది సర్వీసంతా రైఫిల్‌తోనే గడిపి ఉంటారు. పిస్టల్ ఆఫీసర్లకీ, కొన్ని ప్రత్యేకమైన పనులవాళ్లకీ ఇచ్చేది. అందుకే సైన్యాల కొనుగోలు పట్టికలో పిస్టల్ ఎప్పుడూ రైఫిల్ వెనకాలే నిలబడుతుంది, మార్పు ఆలస్యమవుతుంది. కెనడా అయితే ఆ యుద్ధకాలపు ఇంగ్లిస్ పిస్టళ్లనే దాదాపు ఎనభై ఏళ్లు నడిపి, 2022లో సిగ్ పీ320 (పట్టికలోని ఎం17 దీని సైనిక రూపమే) తీసుకుంటున్నట్టు చెప్పింది.

దీని లోపాలు మూడు. మొదలుపెట్టగానే చెప్పిన ఖాళీ ఛాంబర్ సమస్య. రెండు, పాత మోడళ్లలో సేఫ్టీ మీట మరీ చిన్నది, బొటనవేలికి సరిగ్గా తగలదు, ఎడమచేతివాటం వాళ్లకి ఇంకా కష్టం. మూడు, మ్యాగజైన్ తీస్తే పేలకుండా పెట్టిన ఏర్పాటు వల్ల ట్రిగ్గర్ బరువుగా, గరగరలాడుతూ ఉంటుంది. 2018 ప్రాంతంలో ఎఫ్ఎన్ పాత హై పవర్ తయారీ ఆపేసింది. 2022లో అదే పేరుతో కొత్తది వచ్చింది కానీ అది వేరే పిస్టల్. పాతదాన్ని ఇంకా నడుపుతున్న సైన్యాలకి స్పేర్ల తలనొప్పి ఏటేటా పెరిగేదే.

బెరెట్టా ఎం9: పేరు పోవడానికి కారణాలు వేరు

1984లో అమెరికా పెట్టిన పోటీలో చివరికి రెండే నిలిచాయి, ఇటలీ బెరెట్టా 92ఎఫ్, సిగ్ పీ226. ఒక్కో పిస్టల్ ధర చూస్తే సిగ్‌ది కాస్త తక్కువే. మ్యాగజైన్లు, స్పేర్లు కలిపి మొత్తం ప్యాకేజీ లెక్క వేస్తే బెరెట్టా చవక. 1985 జనవరిలో బెరెట్టా గెలిచింది, మూడు లక్షలకు పైగా పిస్టళ్ల ఆర్డరు. ఐదో కొలత ఎంత బలమైనదో దీంట్లోనే తెలుస్తుంది.

తర్వాత కష్టాలు. 1980ల చివర్లో బాగా ఎక్కువ రౌండ్లు కాల్చిన కొన్ని పిస్టళ్లలో స్లైడ్ విరిగి వెనక ముక్క కాల్చేవాడి ముఖం మీదకి వచ్చింది. లోహమా, ఎక్కువ ఒత్తిడి తూటాలా అని పెద్ద గొడవ నడిచింది. స్లైడ్ విరిగినా వెనక్కి ఎగిరిపోకుండా హ్యామర్ పిన్ను తలకాయ పెద్దది చేసి కంపెనీ సరిదిద్దింది. 1988లో మళ్లీ పోటీ పెట్టారు, బెరెట్టానే నిలిచింది. ఆ తర్వాత ఇరాక్‌లో ఇసుక. గరుకు ఫాస్ఫేట్ పూత ఉన్న కొన్ని మ్యాగజైన్లలో ఇసుక పట్టుకుని రౌండ్లు పైకి రాలేదు. అవి బెరెట్టా కంపెనీ చేసినవి కావు, చెడ్డపేరు మాత్రం పిస్టల్‌కి వచ్చింది. పిస్టల్ మొరాయించిందని ఎవరైనా చెబితే ముందు మ్యాగజైన్ ఎవరిది, స్ప్రింగు వయసెంత అని అడగండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

నాకు ఎం9లో నచ్చేది మొదటి లాగు. పొడుగ్గా, గట్టిగా ఉంటుంది కాబట్టి భయంలో వేలు జారినా అంత తేలిగ్గా పేలదు. నచ్చనిది కూడా అదే: మొదటి రౌండ్‌కి ఒక రకం ట్రిగ్గర్, రెండో రౌండ్ నుంచి ఇంకో రకం, కాబట్టి రెండూ విడివిడిగా నేర్పాలి. సేఫ్టీ మీట స్లైడ్ మీద ఉండడంతో స్లైడ్ లాగే కంగారులో తెలియకుండానే సేఫ్టీ పడిపోయే ప్రమాదం ఉంది. పట్టు లావు. చిన్న పిస్టల్ కావాల్సిన పైలట్లకి, దర్యాప్తు అధికారులకి అమెరికా ఎం11 పేరుతో సిగ్ పీ228 విడిగా కొనాల్సి వచ్చింది. ఒక్క మోడల్ అందరికీ సరిపోలేదన్నమాట.

గ్లాక్ 17: నేర్పేవాడు బాగుంటే అన్నిటికన్నా సులువు

1980ల మొదట్లో ఆస్ట్రియా సైన్యం వాల్తర్ పాత పిస్టల్‌ని మార్చాలనుకున్నప్పుడు గాస్టన్ గ్లాక్‌కి తుపాకుల తయారీలో అనుభవమే లేదు. ఆయన కంపెనీ కత్తుల్లాంటి సామాను చేసేది. బహుశా అందుకే పాత అలవాట్లేవీ లేకుండా ఆలోచించాడు: పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమ్, 34 భాగాలు, చేత్తో వేసే సేఫ్టీ మీటే లేదు, ప్రతి రౌండ్‌కీ ట్రిగ్గర్ ఒకేలా. 1982లో ఆస్ట్రియా తీసుకుంది, తర్వాత నార్వే, స్వీడన్, బ్రిటన్, 2020లో ఫ్రాన్స్ దాదాపు 75 వేలు. మన ప్రత్యేక దళాల్లోనూ ఉంది.

బరువు తేడా చిన్నదిగా అనిపించొచ్చు. నడుముకి ఎనిమిది గంటలు కట్టుకుని తిరిగినవాడికి 1911కీ గ్లాక్‌కీ మధ్య ఉన్న అరకిలో దాకా తేడా సాయంత్రానికి తెలుస్తుంది. అది మిగిలితే ఇంకో మ్యాగజైనో, ఇంకో సీసా నీళ్లో మోయొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. మీట లేదు కాబట్టి వేలే సేఫ్టీ. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడని సమయంలో పెట్టకపోవడం అలవాటయ్యేదాకా నేర్పాలి, ఏటా గుర్తుచెయ్యాలి. పైగా తుడవడానికి విప్పేముందు ట్రిగ్గర్ నొక్కి తీరాలి. ఛాంబర్‌లో రౌండ్ మరిచిపోయినవాడు ఆ క్షణాన కాల్చేస్తాడు. మంచి ట్రైనింగ్ ఉన్న చిన్న వృత్తి సైన్యానికి ఇది సమస్యే కాదు. వేల మందికి హడావిడిగా నేర్పి పంపే సైన్యానికి, అరగంట డ్యూటీ తర్వాత పిస్టల్ ఇంకొకడి చేతికి మారే గార్డు గదికి, ఇది రోజూ వెంటాడే ప్రమాదం.

సిగ్ ఎం17: చేతిని బట్టి మారే పిస్టల్

బెరెట్టా స్థానంలో కొత్తదాని కోసం అమెరికా ఏళ్ల తరబడి కాగితాలు నింపింది. పిస్టల్ కోసం 350 పేజీలు దాటిన టెండర్ పత్రం, రెండేళ్ల పరీక్షలు, కోటి 70 లక్షల డాలర్ల ఖర్చా అని అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ మార్క్ మిల్లీయే 2016లో బహిరంగంగా మండిపడ్డారు. 2017 జనవరిలో సిగ్ పీ320 గెలిచింది, 58 కోట్ల డాలర్ల దాకా విలువైన కాంట్రాక్టు. గ్లాక్ ఫిర్యాదు చేసింది, అదే ఏడాది జూన్‌లో కొట్టేశారు. సిగ్ మొత్తం ధర గ్లాక్ కన్నా 10 కోట్ల డాలర్లకు పైగా తక్కువని ఆ తీర్పులో బయటపడింది. 1985 కథే మళ్లీ జరిగింది, ఈసారి లాభపడింది సిగ్.

దీని గొప్పతనం నాలుగో కొలతలో ఉంది. ట్రిగ్గర్, దాని యంత్రాంగం అంతా ఒక చిన్న లోహపు పెట్టెలాంటి భాగంలో ఉంటుంది, సీరియల్ నంబరు దానికే. చుట్టూ ఉండే పాలిమర్ పట్టు విడిగా వస్తుంది. చిన్న చెయ్యి అయితే చిన్న పట్టు, పెద్ద చెయ్యి అయితే పెద్దది. పెద్ద ఎం17, చిన్న ఎం18 రెండూ ఒకే కుటుంబం, కాబట్టి పైలట్లకి విడిగా ఇంకో రకం కొనక్కర్లేదు. అమెరికా టెండర్ అడిగినట్టు సేఫ్టీ మీట ఉంది. విప్పడానికి ట్రిగ్గర్ నొక్కక్కర్లేదు. కాగితం మీద చూస్తే పైన చెప్పిన లోపాలన్నిటికీ జవాబులా కనిపిస్తుంది.

కానీ పీ320 మీద ఒక నీడ ఉంది, దాన్ని దాటేసి సలహా ఇవ్వడం తప్పు. కొన్ని కోణాల్లో కిందపడితే పేలే అవకాశం ఉందని సైన్యం పరీక్షల్లోనే తేలింది, బరువు తక్కువున్న ట్రిగ్గర్ భాగం పెట్టించి సరిచేయించారు. పౌరులకి అమ్మిన పిస్టళ్లకి కంపెనీ 2017 ఆగస్టులో మార్పులు ప్రకటించింది. 2025 జూలైలో ఒక వైమానిక స్థావరంలో సైనికుడు చనిపోయాక అమెరికా వైమానిక దళంలోని ఒక కమాండ్ ఎం18 వాడకాన్ని ఆపి, పిస్టళ్లన్నీ తనిఖీ చేసి, ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టింది. ఆయుధం మీద నమ్మకం ఒకసారి కదిలితే తనిఖీ రిపోర్టు ఒక్కటే సరిపోదు, మోసేవాడి మనసులో అనుమానం ఉంటే వాడు ఛాంబర్ ఖాళీగా ఉంచి తిరుగుతాడు, అప్పుడు ఎనభై ఏళ్ల నాటి హై పవర్ దగ్గరికే మళ్లీ వచ్చినట్టు.

ఎవరికి ఏది

కొనే అధికారి కుర్చీలో మీరున్నారనుకోండి. సైనికులు తక్కువ, ట్రైనింగ్ గట్టిది, డబ్బు మరీ ఎక్కువ లేదు అంటే కళ్లు మూసుకుని గ్లాక్ అంటాను. స్పేర్లు ప్రపంచమంతా దొరుకుతాయి, తుపాకీ రిపేరు చేసే ఆర్మరర్‌కి నేర్పడం సులువు.

లక్షల మంది సైన్యం, మహిళలు, రకరకాల పనులవాళ్లు, పైలట్లు, మిలటరీ పోలీసులు అందరికీ ఒకే కుటుంబం కావాలంటే, పట్టు మార్చుకునే డిజైన్ వైపు వెళ్లడమే సబబు. అది ఎం17 అయినా, అదే పద్ధతిలో చేసిన ఇంకోటైనా సరే, కిందపడేసే పరీక్షలు ఎన్ని కోణాల్లో చేశారో రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం పెట్టండి.

గోదాంలో ఇప్పటికే మంచి స్థితిలో బెరెట్టాలు ఉన్న సైన్యం తొందరపడి మార్చక్కర్లేదు. కొత్త స్ప్రింగులు, నాణ్యమైన మ్యాగజైన్లు కొంటే ఇంకో పదేళ్లు నడుస్తాయి, ఆ మిగిలిన డబ్బుతో సైనికుడు ఏడాదికి కాల్చే ప్రాక్టీస్ రౌండ్లు పెంచితే ఏ కొత్త పిస్టల్ ఇచ్చేదానికన్నా ఎక్కువ లాభం. హై పవర్ ఉన్నవాళ్లకి మాత్రం ఆ మాట చెప్పలేను, ఫ్రేములు పాతబడ్డాయి, మార్చే సమయం వచ్చేసింది.

ఇక ట్యాంకులో కూర్చునేవాడు, హెలికాప్టర్ సిబ్బంది, వాహనం నడిపేవాడు. వీళ్లకి అసలు పిస్టల్ సరిపోతుందా అన్నదే నా అనుమానం. ట్యాంకు దెబ్బతిని బయటికి దూకినవాడి ముందు రైఫిల్ పట్టుకున్న శత్రువు ఉంటాడు, పిస్టల్‌తో యాభై మీటర్ల అవతల మనిషిని కొట్టడం మంచి షూటర్‌కే కష్టం. మన దగ్గర దీనికి ఒక జవాబు తయారైంది. పుణెలోని డీఆర్‌డీఓ ల్యాబ్, మావ్‌లోని ఇన్‌ఫాంట్రీ స్కూల్ కలిసి నాలుగు నెలల్లో రూపొందించిన 9 ఎంఎం మెషీన్ పిస్టల్ "అస్మి"ని 2021లో బయటపెట్టారు. ఒక్కోటి 50 వేల రూపాయల లోపే అని అప్పుడు చెప్పారు. తయారుచేస్తున్నది హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్. 2024లో నార్తర్న్ కమాండ్‌కి 550 చేరాయి. ట్యాంకు సిబ్బంది, విమాన సిబ్బంది, డ్రైవర్లు, రేడియో ఆపరేటర్లు దీన్ని వాడొచ్చని మొదటి ప్రకటనలోనే రాశారు. నడుముకి పెట్టుకునే పిస్టల్ కన్నా బరువైనది, ఆఫీసర్ రోజూ మోయడానికి పనికిరాదు. వాహనంలో పక్కన క్లిప్పుకి తగిలించి ఉంచేవాడికి మాత్రం పై ఐదింటిలో దేనికన్నా నేను దీన్నే ఇస్తాను.